ఆ ఫొటో కింద ‘అనాథ’ అన్న మాట తీసేయండి

విదేశీ సేవాయాత్రలు నడిపే తెలుగు నిర్వాహకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

పోయిన నెల మీ కార్యాలయం నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. కంబోడియా యాత్రకు కొత్త కరపత్రం వేస్తున్నారట. అందులో వేసుకోవడానికి నాలుగు మంచి మాటలు రాసి పంపమని అడిగింది. మర్యాదగానే అడిగింది, సరేనన్నాను. ముందు నమూనా చూపించమంటే వాట్సాప్‌లో పంపింది. మూడో పేజీలో నేనే ఉన్నాను. మెడ చుట్టూ ఎర్ర గళ్ల తువ్వాలు, పక్కన ఎనిమిదేళ్ల పాప, ఇద్దరమూ పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాం. కింద అచ్చు: ‘అనాథ బాలికతో మా వాలంటీరు, విశ్రాంత ఉపాధ్యాయిని’.

ఆ పాప అనాథ కాదు. తల్లి రాజధాని ఫ్నోమ్ పెన్ శివార్లలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తోంది. తండ్రి థాయిలాండ్‌లో భవనాల దగ్గర కూలి. పాప ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ అమ్మమ్మ ఇంట్లోనే మీరు నన్ను దింపారు. నా పెట్టెను మీ మనిషే నిచ్చెన దగ్గర పెట్టాడు. దాన్ని పైకి లాగడానికి చెయ్యి వేసింది ఆ పాపే. ఫొటో తీసిందీ మీ మనిషే. కాబట్టి తెలియక రాశారని సరిపెట్టుకోవడానికి నాకు దారి లేకుండా చేశారు.

అందుకని నాలుగు మంచి మాటలకు బదులు ఈ ఉత్తరం. మీకొక్కరికే పంపకుండా నలుగురిలో పెడుతున్నానంటే, మీ కరపత్రం చూసి డబ్బు కట్టే పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ కూడా చదవాలని. మీ సంస్థ పేరు మాత్రం రాయడం లేదు. రాస్తే, ఇదే పని చేస్తున్న మిగతావాళ్లు ఈ ఉత్తరం తమకు కాదనుకుంటారు.

నేను వెళ్లింది 2024 జూన్‌లో. రేపల్లెలో లెక్కల పంతులమ్మగా చేసి రిటైరై అప్పటికి మూడేళ్లయింది. కంబోడియాకు వాలంటీరుగా వెళ్తున్నానంటే మా వీధిలో ఒకావిడ, “అక్కడ కూడా ఒకటో తారీఖున పింఛన్లు పంచాలా?” అని అడిగింది. 2019 నుంచి ఆ ఐదేళ్లలో మన ఆంధ్రలో వాలంటీరన్న మాటకు అదే అర్థం. అప్పుడు నవ్వాను గానీ, అక్కడికి వెళ్లాక ఆవిడ ప్రశ్న చాలాసార్లు గుర్తొచ్చింది. మన ఊరి వాలంటీరుకు ఏ యాభై ఇళ్లు తనవో, ఏం పంచాలో తెలిసి ఉండేది. నాకు నా పని ఏమిటో ఆరు వారాల దాకా తెలియలేదు.

ఇంట్లో వాళ్ల భయం వేరు. నేను బయలుదేరడానికి కొద్ది వారాల ముందే విశాఖ పోలీసులు ఆ సంగతి బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన పిల్లలను కంబోడియా పంపడం, అక్కడ వాళ్లను సైబర్ మోసాలు చేయించే ముఠాలకు అప్పగించడం. రోజూ పేపర్లో అదే. “ఆ దేశమే దొరికిందా?” అన్నాడు మా అబ్బాయి. అలాంటి రోజుల్లో కూడా మీరు నన్ను పర్యాటక వీసా మీదే పంపారు. అది ముప్పై రోజులు; పొడిగిస్తే ఒక్కసారి పొడిగిస్తారు. ఎక్కువ కాలం ఉండి పని చేసేవాళ్లకు వేరే వీసా ఉంది. నేను దేశం దాటి, మళ్లీ లోపలికి వచ్చి అది తీసుకున్నాను. ‘పర్యాటక వీసా చాలు, అక్కడికి వెళ్లాక చూసుకుందాం’ అన్న మాటతోనే మోసాల దళారులు కూడా మొదలుపెడతారు. సేవ పేరుతో పిలిచేవాళ్ల నోట ఆ మాట రాకూడదు.

ఇక ఇంటి సంగతి. మీ కరపత్రంలో దానికి ‘స్థానిక కుటుంబంతో జీవన అనుభూతి’ అని పేరు పెట్టారు. టాకేవ్ ప్రావిన్సులో ఒక పల్లె. స్తంభాల మీద చెక్క ఇల్లు. ఇంటి కింద నీడలోనే పగలంతా గడుస్తుంది: ఉయ్యాల మంచం, మగ్గం చట్రం, కోళ్లు, మోటారుసైకిలు, చుట్టాలు. వాన నీళ్లు పట్టుకునే పెద్ద పెద్ద జాడీలు ఇంటి పక్కన వరసగా ఉంటాయి. స్నానమంటే జాడీ పక్కన చీరలాంటి గుడ్డ చుట్టుకుని చెంబుతో పోసుకోవడమే. క్రమా అనే గళ్ల తువ్వాలు ఒకటి ఉంటే ఆ ఊళ్లో మనిషికి సగం సామాను ఉన్నట్టే: తలపాగా అదే, తుండు అదే, పసిబిడ్డకు ఊయల అదే, బజారుకు వెళ్తే సంచీ అదే. ప్రహోక్ వాసనకు మీరు పంపిన పిల్లలు ముక్కు మూసుకున్నారు. చేపలను ఉప్పు వేసి మురగబెట్టిన ముద్ద అది. నేను సముద్రం ఒడ్డు మనిషిని, ఎండుచేపల కూర మీద పెరిగినదాన్ని. మూడో రోజుకే వంకాయలో ఇంకొంచెం వేయమని అడిగాను. ఇంటావిడ నన్ను మనిషి కింద లెక్కేసింది ఆ పూటనే అనుకుంటాను.

వెళ్లగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న వయసు. మీరు మాకిచ్చిన సూచనల కాగితంలో ‘వాళ్లు వ్యక్తిగత ప్రశ్నలు అడుగుతారు, నొచ్చుకోవద్దు’ అని రాశారు. ఎవరో తెల్లవాళ్ల కోసం రాసుకున్న కాగితాన్ని తెలుగులోకి మార్చి ఇచ్చినట్టుంది. వయసు తెలియకపోతే పిలవడం ఎలా? పెద్దవాళ్లు బాంగ్, చిన్నవాళ్లు ఊన్, పిన్ని వయసైతే మింగ్, అవ్వ అయితే యేయ్. మనకు వరసలు కలుపుకోవడం ఒకరు నేర్పాలా? ఇంటావిడకు 66, నాకు 63. ఆమె నాకు బాంగ్, అంటే అక్క. ఇకమీద అక్క అనే రాస్తాను.

వాళ్ల ఖ్మేర్ భాష దగ్గర నాకు పండగే అయింది. ఊరిని ఫూమ్ అంటారు, అది మన భూమి. బడి సాలా, పంతులు క్రూ. నన్ను పిల్లలు నేక్ క్రూ అన్నారు. మన గురువే ఆ నోళ్లలో అరిగి అలా అయ్యాడు. గుడిలో పూజలు నడిపే పెద్దాయన ఆచార్. అంకెలైతే సున్నా, రెండు, మూడు అచ్చంగా మన తెలుగు అంకెల్లాగే ఉంటాయి. వాళ్ల నోట్ల మీద, పిల్లల పలకల మీద అవి బతికే ఉన్నాయి. మనం ౨, ౩ అని రాస్తే మన పిల్లలే అవేమిటని అడుగుతారు. పైగా వాళ్ల లెక్క అయిదు దగ్గర మలుపు తిరుగుతుంది. ఆరుకు విడిగా పేరు లేదు, ‘అయిదూ ఒకటి’. ఏడు ‘అయిదూ రెండు’. ముప్పై నాలుగేళ్లు కూడికలు చెప్పినదాన్ని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు సంతోషంతో. తేదీ ఉన్న ఖ్మేర్ శాసనాల్లో అన్నిటికన్నా పాతది, క్రీ.శ. 611 నాటిది, ఆ ప్రావిన్సులోనే ఆంగ్‌కోర్ బోరైలో దొరికింది. తెలుగులో తొలి శాసనమనే మన కలమళ్ల శాసనం 575 ప్రాంతానిది. ఒకే తరం మనుషులు అక్కడొకరూ ఇక్కడొకరూ రాతి మీద తమ భాష చెక్కుకున్నారన్నమాట. లిపి కూడా దక్షిణ భారతం నుంచి ఓడలెక్కి వెళ్లినదే.

ఒకరోజు ఆచార్ అడిగాడు, “మీ ఊళ్లో బుద్ధుడి గుడి ఉందా?” అని. లేదని చెప్పబోయి ఆగాను. రేపల్లెకు పక్కనే భట్టిప్రోలు. బుద్ధుడి ధాతువులు, అంటే అస్థికలు, ఉన్న భరిణెలు దొరికిన స్తూపం. నేను అక్కడికి వెళ్లింది బడి పిల్లల వనభోజనాలకు, అదీ పులిహోర గిన్నెలు లెక్కపెట్టుకుంటూ. ఫోనులో దాని ఫొటో వెతికి చూపించాను. ఆయన ఫోనును రెండు చేతులతో అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. సిగ్గుతో తల వంచుకున్నాను.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, ఆ దేశం మన పిల్లలకు పనికిరాదని నేను అనడం లేదు. బాగా పనికొస్తుంది. మీరు దాన్ని అమ్ముతున్న తీరు గురించే నా గొడవ.

బడితో మొదలుపెడతాను. గుడి ఆవరణలోనే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. పొద్దున ఒక జట్టు పిల్లలు, మధ్యాహ్నం ఇంకో జట్టు. మొదటి రోజు నన్నూ, హైదరాబాదు నుంచి వచ్చిన ఇద్దరు ఇంజనీరింగు పిల్లలనూ మూడో తరగతిలోకి తోలారు. అక్షరాల పాటతో మొదలుపెట్టమన్నారు. మేము నోరు తెరవకముందే పిల్లలు పాట పూర్తి చేశారు. రంగులు చెబుదామంటే రంగులన్నీ చెప్పేశారు. తల, భుజాలు, మోకాళ్ల పాట మొదలవగానే లేచి నిలబడ్డారు, డ్రిల్లు మాస్టారు పిలిచినట్టు. ప్రతి రెండు వారాలకూ కొత్త జట్టు వస్తుంది, ప్రతి జట్టూ అక్షరాల పాటతోనే మొదలుపెడుతుంది. రెండేళ్లుగా ఆ పిల్లలు ఒకే పాఠం చదువుతున్నారు. మేము పాడుతున్నంతసేపూ వాళ్ల అసలు పంతులు, ఇరవై ఆరేళ్ల కుర్రవాడు, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తన తరగతిలో తానే చుట్టంలాగా.

గోడ అంటే గుర్తొచ్చింది. దానికి ఏడాదిలో మూడు రంగులు వేశారు. నీలం మీద పసుపు, పసుపు మీద ఇంద్రధనుస్సు. మరుగుదొడ్డి తలుపుకు మాత్రం గడియ లేదు. గడియ బిగిస్తూ ఫొటో దిగితే బాగుండదు కాబోలు.

మీ రెండు వారాలు అయ్యాక, అక్క ఇష్టపడితే, నేను సొంతంగా ఉండిపోయాను. ఒకరోజు ఆ కుర్ర పంతులును అడిగాను, “నా వల్ల నీకేం కావాలి?” అని. చాలాసేపు మొహమాటపడి చెప్పాడు. పగలు వెనక బెంచీలో కూర్చోవాలట, సాయంత్రం ఒక గంట తనకు ఇంగ్లీషు చెప్పాలట. ఏదో పరీక్ష రాయాలనుకుంటున్నాడు. అంతే. నాలుగు నెలలు నేను చేసిన సేవ మొత్తం అదే: రోజుకు ఒక గంట, ఒక్కడికి. ఇలాంటిది మీ కరపత్రంలో ఎక్కదని తెలుసు. కానీ ఆ పిల్లలకు ఆ పంతులే రేపూ ఉంటాడు, ఎల్లుండీ ఉంటాడు. అతణ్ణి గోడకు ఆనించి మనం ముందుకు రావడం ఏ రకం సేవ?

వరినాట్లు కూడా అంతే. ‘రైతులతో కలిసి నాట్లు వేయండి’ అని మీరు అచ్చువేశారు. కృష్ణా డెల్టాలో పుట్టాను, నాటు వేయడం నాకు తెలుసు. ఆ ఊళ్లో ఆడపిల్లలంతా ఫ్యాక్టరీలకు వెళ్లిపోవడంతో కూలీలు దొరక్క చాలామంది విత్తనాలు వెదజల్లే పద్ధతికి మారారు. అక్క కూడా మారింది. మీ జట్లు వస్తాయని ఒక మడి మాత్రం నారు పోసి ఉంచుతోంది. మీ పిల్లలు వచ్చి బురదలో దిగి, కేరింతలు కొట్టి, వంకరటింకరగా గుచ్చి, ఫొటోలు దిగి వెళ్లారు. మర్నాడు తెల్లవారుజామున అక్కా నేనూ ఆ మడిని పీకి మళ్లీ నాటాం. ఆమె విసుక్కోలేదు. “పిల్లలు కదా” అంది. విసుక్కున్నదాన్ని నేనే.

డబ్బు దగ్గరికి వస్తాను. సొంతంగా ఉండిపోతున్నప్పుడు, మీరు ఎంత ఇస్తున్నారో అంతకన్నా తగ్గకుండా ఇద్దామని అక్కను అడిగాను. రోజుకు ఆరు డాలర్లు అంది. మూడు పూటల తిండి, పడక, బట్టలుతకడం అన్నీ అందులోనే. రెండు వారాలకు నేను మీకు కట్టింది తొమ్మిది వందల డాలర్లు, విమానం ఖర్చు కాక. మీకు జీతాలుంటాయి, ఆఫీసు అద్దెలుంటాయి, కాదనను. కానీ ‘మీ రుసుము నేరుగా గ్రామీణ కుటుంబానికి ఆసరా’ అన్న వాక్యం మీ కరపత్రం రెండో పేజీలో ఉంది. తొమ్మిది వందల్లో ఎనభై నాలుగు. నేను లెక్కల పంతులమ్మనని మరిచిపోయినట్టున్నారు.

ఆ ఆరు డాలర్లు ఎక్కడికి వెళ్తున్నాయో కూడా చూశాను. ఇంటి పైకప్పుకూ, నీళ్ల మోటారుకూ అక్క ఒక సూక్ష్మరుణ సంస్థ దగ్గర అప్పు చేసింది. పొలం కాగితం వాళ్ల దగ్గరే ఉంది. నెలనెలా మోటారుసైకిలు మీద ఒకతను వస్తాడు. ఇంటి కిందే కూర్చుని, మంచినీళ్లు తాగి, చిట్టా తెరుస్తాడు. ఆ చిట్టా తెరిచే చప్పుడుకు నాకు 2010 గుర్తొచ్చింది. మా బడిలో ఆయమ్మ వారం వారం వసూలు రోజున బడికి రాకుండా ఎక్కడో దాక్కునేది. ఆ అక్టోబరులోనే మన ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. పొలం కాగితం పెట్టి బతుకుతున్న ఇంట్లో మనం చుట్టాలుగా దిగి, ‘ఉన్నదాంతో ఎంత సంతోషంగా ఉన్నారో!’ అని రాసుకుంటున్నాం. మీ జట్టులో ఒక అబ్బాయి నిజంగానే అలా రాసి నాకు చూపించాడు. మంచి పిల్లవాడే. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ కార్యక్రమంలో పదో రోజు ‘అనాథలతో అరపూట’ అని ఉంది. పట్టణం దగ్గర ఒక ఆశ్రమానికి వ్యాను కట్టి తీసుకెళ్లారు. చిన్నపిల్లలు పట్టు బట్టలు కట్టుకుని, వెండి గిన్నెల్లోంచి పూరేకులు చల్లుతూ దీవెన నాట్యం చేశారు. ఆ నాట్యం ఆ దేశానికి ప్రాణం. 1975 నుంచి 1979 దాకా ఆ దేశాన్ని ఏలి లక్షలమందిని చంపిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు ముఠా కాలంలో కళాకారులను చంపేస్తే, మిగిలిన కొద్దిమంది చేతుల్లోంచి మళ్లీ మొలిచింది. దాన్ని అక్కడ పొద్దున పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఇంకోసారి, వచ్చిన వ్యానును బట్టి ఆడిస్తున్నారు. చివర చందా పెట్టె. బయటికొస్తుంటే అయిదేళ్ల పిల్ల, అప్పటికి పది నిమిషాల పరిచయం ఉన్న మన అమ్మాయి చెయ్యి పట్టుకుని వదలలేదు. మన అమ్మాయి ఏడ్చింది, ‘ఎంత ప్రేమో’ అంది. ముప్పై నాలుగేళ్లు పిల్లల మధ్య ఉన్నదాన్ని, నాకు భయం వేసింది. ఇంట్లో మనుషులున్న పిల్ల కొత్తవాళ్లను చూస్తే అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది. వచ్చినవాళ్లందరి చెయ్యీ పట్టుకునే పిల్లను ఎంతమంది వదిలేసి వెళ్లారో ఆలోచించండి.

ఇది నా ఊహ మాత్రమే అయితే ఇంత దూరం రాసేదాన్ని కాదు. కంబోడియా ప్రభుత్వమే యూనిసెఫ్ సాయంతో లెక్కలు తీసి 2017లో ప్రకటించింది. 406 ఆశ్రమాల్లో 16,579 మంది పిల్లలు. వాళ్లలో 13 నుంచి 17 ఏళ్ల వాళ్లను చూస్తే, 79 శాతం మందికి తల్లో తండ్రో, కనీసం ఒకరు బతికే ఉన్నారు. 2005 నుంచి 2010 లోపలే ఈ ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. ఖ్మేర్ రూజ్ పాలన ముగిసింది 1979 జనవరిలో. ఆ మారణకాండ చేసిన అనాథలు 2005 నాటికి పాతికేళ్లు దాటినవాళ్లు. మరి ఈ కొత్త అనాథలు ఎక్కడి నుంచి వచ్చారు? చదువు చెప్పిస్తాం, తిండి పెడతాం అంటే పేద తల్లిదండ్రులు పంపారు. పిల్లలుంటే విదేశీయులు వస్తారు, విదేశీయులు వస్తే డబ్బు వస్తుంది. ‘పిల్లలు చూడదగ్గ ప్రదేశాలు కారు’ అని ఫ్నోమ్ పెన్‌లో పిల్లల కోసం పనిచేసేవాళ్లు పోస్టర్లు వేసి పదేళ్లు దాటింది. ఆస్ట్రేలియా పార్లమెంటు ఈ వ్యవహారాన్ని ఆధునిక బానిసత్వం మీద చేసిన విచారణలోనే చర్చించింది. ఆ దేశాల వాళ్లు మానుకుంటున్న వేళ మనవాళ్లు కొత్తగా దుకాణం తెరుస్తున్నారు.

మన సంక్షేమ హాస్టళ్లలో వేలమంది పిల్లలున్నారు. ఇంట్లో జరగక, ఊళ్లో పై తరగతుల బడి లేక వచ్చినవాళ్లు. వాళ్లను హాస్టలు పిల్లలంటాం గానీ అనాథలనం. దసరాకు అమ్మానాన్నలు వచ్చి తీసుకెళ్తారు. బాపట్లలో ఒక హాస్టలుకు ఎవరో విదేశీయుడు వ్యాను వేసుకుని వచ్చి, మీ మేనకోడలి భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగి, ‘అనాథతో నేను’ అని అచ్చువేసుకుంటే మీరు ఊరుకుంటారా? అసలు వార్డెను గేటు తీస్తాడా?

నా తప్పులు కూడా చెప్పాలి. ఆశ్రమానికి నేనూ వెళ్లాను, చందా పెట్టెలో ఇరవై డాలర్లు వేశాను. ఆ పాపతో ఫొటో దిగమంటే అక్కను అడగకుండానే దిగాను. ఇంకో తప్పు మరీ పెద్దది. అంతకుముందు ఏడాది దాకా బడిలో ఉన్న పన్నెండేళ్ల పిల్లవాడు సామణేరుడై, అంటే బాల భిక్షువై, గుడిలో కాషాయంలో ఎదురుపడ్డాడు. చక్కగా చదువుకో నాయనా అంటూ తల నిమరబోయాను. మనకు అది దీవెన. ఆచార్ గబుక్కున అడ్డం వచ్చాడు. ఆడవాళ్లు భిక్షువును తాకకూడదు, చిన్నవాడైనా సరే. ఇక తల అంటే ఎవరిదైనా తాకకూడనిదే. పిల్లవాడు బిక్కచచ్చిపోయాడు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. మీ సూచనల కాగితంలో దోమల మందు గురించి అరపేజీ ఉంది, దీని గురించి ఒక్క ముక్క లేదు.

సెప్టెంబరు రెండో సగంలో ప్చుమ్ బెన్ మొదలైంది. మన భాద్రపద బహుళ పక్షమే. మనకు మహాలయ పక్షాలు, వాళ్లకు ప్చుమ్ బెన్. మన ‘పిండం’ అక్కడ ‘బెన్’ అయింది. తెల్లవారుజామున నాలుగింటికి, చీకట్లో, కొవ్వొత్తులూ అగరొత్తులూ పట్టుకుని గుడి చుట్టూ మూడుసార్లు తిరుగుతూ అన్నం ముద్దలు నేల మీద విసురుతారు. ఆకలితో ఉన్న ప్రేతాలు వెలుతురు చూడలేవట, అందుకే చీకట్లో. తమవాళ్లు అన్నం పెట్టారేమోనని అవి ఏడు గుళ్లు తిరుగుతాయట. అక్క తండ్రీ ఇద్దరు అన్నలూ ఖ్మేర్ రూజ్ కాలంలో పోయారు. ఎక్కడ పోయారో, ఏ రోజు పోయారో తెలియదు. ఆమెకప్పుడు పదిహేడేళ్లు, వేరే శిబిరంలో కాలువలు తవ్వుతోంది. “తిథి తెలియనివాళ్లకు మేము అమావాస్య రోజు పెడతాం” అని చెప్పాను, సగం మాటలతో, సగం చేతులతో. ఆమెకు అర్థమైంది. అమావాస్య అక్టోబరు 2న వచ్చింది. ఆ తెల్లవారుజామున ఒక ముద్ద నా చేతిలోనూ పెట్టింది. మా నాన్న పేరు చెప్పుకుని విసిరాను.

మీ కొత్త జట్టు ఆ చీకట్లోకి ఫోను లైట్లు వేసుకుని వచ్చింది. ఇంక దాని గురించి రాయను.

పండక్కి పాప తల్లి ఊరికి వచ్చింది. ఫ్యాక్టరీల నుంచి వచ్చే లారీలో, మూట మీద కూర్చుని. పాప పరుగెత్తుకెళ్లలేదు, అలిగినట్టు స్తంభం వెనక నిలబడి చూసింది, ఎన్నాళ్లకు వచ్చావని. తర్వాత మూడు రోజులు తల్లిని కాలకృత్యాలకు కూడా వదల్లేదు. మీ కరపత్రంలోని అనాథ సంగతి ఇదీ.

నేను కోరేది మీ వ్యాపారం మూసుకోమని కాదు. ఆశ్రమం పూట మాత్రం రేపే తీసేయండి. దానికి ఆలోచన అక్కర్లేదు. పిల్లల దగ్గరికి వెళ్లే ప్రతి మనిషికీ పోలీసు ధ్రువపత్రం అడగండి. నన్ను మీరు అడిగింది చొక్కా కొలత ఒక్కటే. రెండు వారాల వాళ్లను తరగతి గదిలోకి పంపకండి. వాళ్లది విహారం, విహారమనే చెప్పండి. సియెమ్ రీప్ వెళ్లి ఆంగ్‌కోర్ వాట్ చూడనివ్వండి, అక్క లాంటివాళ్ల ఇంట్లో డబ్బిచ్చి ఉండనివ్వండి, అందులో తప్పేమీ లేదు. మూడు నాలుగు నెలలు ఉండగలిగినవాళ్లు దొరికితే, వాళ్లను ఎంచుకునే ముందు ఆ ఊరి పంతులును అడగండి, మనిషి కావాలా అని. వద్దంటే మానుకోండి. కట్టిన రుసుములో ఇంటివాళ్లకు ఎంత, బడికి ఎంత, మీకెంత అన్నది కరపత్రంలో అంకెల్లో వేయండి. గడియ ఖరీదు మాత్రం అడగను, అది నేనే బిగించి వచ్చాను.

ఫొటో సంగతి వేరు. అది తీసేయాల్సిందే. మాట మార్చి ‘గ్రామీణ బాలికతో’ అని వేసినా ఒప్పుకోను. ఆ పాప బొమ్మ వేసుకోవడానికి ఆమె తల్లి అనుమతి లేదు. నమూనా వచ్చిన రోజే కుర్ర పంతులుకు ఫోను చేసి ఆమెకు విషయం చెప్పించాను. దాచడం ఇష్టం లేకపోయింది. ఆమె అడిగిందట, ఆ బొమ్మ కింద తెలుగులో రాసిన మాటకు అర్థం ఏమిటని. అతను చెప్పలేక, నేనే మాట్లాడతానని చెప్పి పెట్టేశాడు.

తీసేశాక నాకు కబురు చేయండి. ఆమెతో మాట్లాడాలి. వారంలో ఆమెకు సెలవు ఆదివారం ఒక్కరోజే. శనివారం లోపల చెప్పగలిగితే మేలు.

ఇట్లు,
మీ కరపత్రం మూడో పేజీలో ఉన్న విశ్రాంత ఉపాధ్యాయిని,
రేపల్లె